కిడ్నీ క్యాన్సర్ కారణాలు: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట నేపథ్యంలో ఒక సమీక్ష

పెద్దవాళ్ల కిడ్నీలో పుట్టే క్యాన్సర్లలో పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు రీనల్ సెల్ కార్సినోమా అనే రకానివే. కిడ్నీ రక్తాన్ని వడగట్టాక మిగిలిన ద్రవంలోంచి ఒంటికి కావలసిన ఉప్పును, చక్కెరను, నీటిని సన్నటి గొట్టాలు వెనక్కి పీల్చుకుంటాయి. ఈ క్యాన్సర్ మొదలయ్యేది ఆ గొట్టాల లోపలి పొరలో. అందులోనూ నాలుగింట మూడు వంతులు క్లియర్ సెల్ రకం. ఆ కణితిని కోసి చూస్తే లోపల పసుపుపచ్చగా, అక్కడక్కడ నెత్తురు పేరుకుని ముదురు ఎరుపుగా ఉంటుంది. పసుపు రంగు కొవ్వుది. ఒక్కో కణం నిండా కొవ్వు, గ్లైకోజెన్ పేరుకుని ఉంటాయి. సూక్ష్మదర్శిని పరీక్షకు గాజుపలక తయారుచేసేటప్పుడు అవి కరిగిపోయి, కణం చుట్టూ పొర మాత్రం మిగిలి లోపలంతా ఖాళీగా, తెల్లగా కనిపిస్తుంది. పాపిల్లరీ, క్రోమోఫోబ్ అనేవి దీని తర్వాతి రకాలు. మూత్రం గొట్టంలోకి దిగే ముందు చేరే కిడ్నీ గరాటు భాగంలో పుట్టే క్యాన్సర్ వేరే జాతి. దాని స్వభావం, కారణాలు మూత్రాశయ క్యాన్సర్‌కు దగ్గరగా ఉంటాయి. మూడు నాలుగేళ్ల పిల్లల్లో కనిపించే విల్మ్స్ కణితి మరో జాతి. గర్భంలో కిడ్నీ రూపుదిద్దుకునేటప్పుడు జరిగే జన్యు పొరపాట్లు దానికి మూలం. బీడీ, బీపీ, బరువు వంటి మాటలేవీ దానికి వర్తించవు. కారణాల చర్చలో ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే సగం గందరగోళం పుడుతుంది.

ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 4.35 లక్షల మందిలో కొత్తగా కిడ్నీ క్యాన్సర్ బయటపడిందని, ఒకటిన్నర లక్షల మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో దాదాపు రెట్టింపు. ఉత్తర అమెరికాలో, ఐరోపాలో లక్ష మందికి ఏటా పది, అంతకు మించి వస్తుంటే భారతదేశంలో ఆ లెక్క ఒకటికి కాస్త పైన ఉంటుంది. ఈ తేడాలో కొంత నిజమైనది, కొంత స్కానింగ్‌ది. వేరే పనికి పొట్ట స్కాన్ తీయించుకున్నప్పుడు చిన్న కణితి దొరికే అవకాశం అక్కడ ఎక్కువ. ఇక్కడ అదే కణితి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ అంకె అర్థం ఏమిటో చూడాలి. ఒక మండలంలో 50 వేల జనాభా ఉందనుకుంటే, దేశ సగటు ప్రకారం అక్కడ రెండేళ్లకు ఒకరికి ఈ క్యాన్సర్ రావాలి. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం, జలదంకి మండలాలను, ఆత్మకూరు, మర్రిపాడు, అనంతసాగరం, అనుమసముద్రంపేట, చేజర్ల, సంగం మండలాలను కలిపి చూసినా ఏడాదికి పది మంది లోపే. ఇంత తక్కువగా వచ్చే జబ్బు ఒక ఊళ్లో ఒకే ఏడాది ఇద్దరికి వచ్చిందంటే జనం ఉలిక్కిపడడం సహజం. అయితే అరుదైన జబ్బులు ఊరికొకటి చొప్పున సమంగా పంచుకుని రావు. కాకతాళీయంగానూ ఒకచోట రెండు మూడు కనిపిస్తాయి, పక్క పది ఊళ్లలో ఒక్కటీ ఉండదు. కాకతాళీయమా, కారణం ఉందా అని తేల్చడానికి జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీ కావాలి. ఒక ప్రాంతంలోని ప్రతి కేసునూ, ఏ ఆసుపత్రిలో తేలినా సరే, రోగి సొంత ఊరి కింద రాసుకునే ఏర్పాటు అది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ స్థాయిలో ఈ పని మొదలుపెట్టింది. ఉదయగిరి మనిషికి వచ్చిన జబ్బు చెన్నైలోనో, వేలూరులోనో, తిరుపతిలోనో బయటపడుతుంది. ఆ వివరం సొంత మండలం లెక్కలోకి తిరిగి చేరనంత కాలం, ఇక్కడ కిడ్నీ క్యాన్సర్ ఎక్కువని గానీ తక్కువని గానీ ఎవరు చెప్పినా అది ఊహే అవుతుంది.

ఊహ ముందుగా నీటి మీదికే పోతుంది. దానికి బలమైన చరిత్ర ఉంది. భారతదేశంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మొదట శాస్త్రీయంగా వర్ణించింది నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఆ వ్యాసం ప్రచురించారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్లాయి. కొత్త జిల్లా సరిహద్దు పడినంత మాత్రాన రాయి మారలేదు. వెలిగొండల తూర్పు వాలులో ఉన్న ఉదయగిరి, వరికుంటపాడు మండలాల అడుగున కూడా అలాంటి పాత గట్టి రాతి పొరలే ఉన్నాయి. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఎంత కాలం నిలిస్తే ఫ్లోరైడ్ అంత కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది.

దీనికి తోడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కథ రాష్ట్రమంతా తెలుసు. షుగరు, బీపీ లేకపోయినా అక్కడి కొబ్బరి, జీడితోటల రైతుల్లో, కూలీల్లో కిడ్నీలు మెల్లగా చెడిపోతున్నాయి. పెద్దవాళ్లలో దాదాపు ఐదో వంతు మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు సర్వేలు చూపాయి. కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఈ రెండు కథలూ కలిసి మెట్టప్రాంతంలో ఒక నమ్మకంగా స్థిరపడ్డాయి. ఫ్లోరిన్ నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయి, కిడ్నీలు పోతే క్యాన్సర్ వస్తుంది అన్నది ఆ నమ్మకం. ఇందులోని ఒక్కో మెట్టునూ విడిగా పరీక్షించాలి.

మొదటగా, కిడ్నీ చెడిపోవడం, కిడ్నీలో క్యాన్సర్ పుట్టడం వేర్వేరు సంగతులు. చెడిపోయే కిడ్నీలో వడపోత తగ్గుతుంది, రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది, సాధారణంగా రెండు కిడ్నీలూ కుంచించుకుపోతాయి. క్యాన్సర్ మామూలుగా ఒక కిడ్నీలో ఒక చోట గడ్డగా పెరుగుతుంది. రెండో కిడ్నీ బాగా పనిచేస్తూ ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ మామూలుగానే ఉండవచ్చు. రక్తపరీక్ష బాగుందంటే గడ్డ లేదని అర్థం కాదు. కిడ్నీ ఫెయిలైందంటే క్యాన్సరనీ కాదు.

రెండోది ఫ్లోరైడ్. తాగునీటిలోని ఫ్లోరైడ్ మనిషికి క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1987లోనే దాన్ని వర్గీకరించలేని మూడో గ్రూపులో ఉంచింది. పళ్లను, ఎముకలను అది పాడుచేస్తుందనడంలో సందేహమే లేదు. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయే ప్రధాన మార్గం కిడ్నీయే. కిడ్నీ బలహీనపడితే అది ఒంట్లోనే నిలిచి ఎముకల జబ్బు మరింత ముదురుతుంది. ఇంతవరకు నిజం. కిడ్నీ క్యాన్సర్ నేరం మాత్రం దాని మీద రుజువు కాలేదు. ఫ్లోరైడ్ లేని నీరు ఉదయగిరి ఊళ్లకు అందాలన్న డిమాండ్‌కు ఎముకల జబ్బు ఒక్కటే చాలినంత కారణం. సోమశిల జలాశయం నీరైనా, వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా రావలసిన కృష్ణా నీరైనా ఈ మండలాల హక్కు. దానికి క్యాన్సర్ భయాన్ని తోడు తెచ్చుకోవలసిన అవసరం లేదు. పైగా నీటిని అనుమానిస్తూ కూర్చుంటే, రుజువైన కారణాలు ఇంట్లోనే ఉండి కూడా కంటబడకుండా పోతాయి.

నీటిలో కలిసే విషాల్లో కిడ్నీ క్యాన్సర్‌తో కొంత సంబంధం కనిపించినది ఆర్సెనిక్. దశాబ్దాల పాటు ఆర్సెనిక్ నీరు తాగిన ఉత్తర చిలీలోని ఆంటోఫగస్టా ప్రాంతంలో కిడ్నీ క్యాన్సర్లు, ముఖ్యంగా గరాటు భాగంలోవి, పెరిగాయి. ఆర్సెనిక్ వల్ల ఊపిరితిత్తులు, మూత్రాశయం, చర్మంలో క్యాన్సర్ వస్తుందనడానికి పూర్తి ఆధారం ఉంటే, కిడ్నీ విషయంలో అది పరిమితం. మన దేశంలో ఆర్సెనిక్ సమస్య తీవ్రంగా ఉన్నది గంగా పరీవాహక ప్రాంతంలో. ఫ్లోరైడ్ నీటి గురించి మాట్లాడేటప్పుడు ఆ ఫలితాలను తెచ్చి నెల్లూరు మెట్టకు అతికించడం సరికాదు.

రుజువైన కారణాల్లో మొదటిది పొగ. ఈ ప్రాంతంలో పొగాకు మాట ఎత్తడం తేలిక కాదు, ఎందుకంటే అది కాల్చుకునేది మాత్రమే కాదు, బతుకుతెరువు కూడా. మర్రిపాడు మండలం డీసీపల్లిలో, కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. ఒకటి ఆత్మకూరు వైపు, మరొకటి ఉదయగిరి వైపు. వాన మీద ఆధారపడ్డ నేలల్లో చలికాలపు మంచుకు పెరిగే వర్జీనియా పొగాకును బ్యారన్‌లలో కాల్చి, గ్రేడు చేసి, బేళ్లు కట్టి అక్కడికి తెస్తారు. ఆకు పండించడం వల్లా, బ్యారన్ కాల్చడం వల్లా కిడ్నీ క్యాన్సర్ వస్తుందని ఆధారం లేదు. పచ్చాకు తాకిడికి చర్మం గుండా నికోటిన్ ఎక్కి కూలీలకు వాంతులు, కళ్లు తిరగడం వచ్చే జబ్బు వేరే ఉంది. కిడ్నీకి ప్రమాదం వచ్చేది పొగ పీల్చడం వల్లనే. బీడీ, చుట్ట, సిగరెట్ ఏదైనా కాలినప్పుడు పుట్టే క్యాన్సర్ కారకాలు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరతాయి. రక్తంలోంచి వాటిని ఏరి బయటికి పంపే పని కిడ్నీది. ఆ పని చేసే గొట్టాల కణాలకూ, మూత్రం నిలిచే గరాటు పొరకూ అవి రోజూ తగులుతూనే ఉంటాయి. పొగ తాగే మగవాళ్లలో రీనల్ సెల్ కార్సినోమా ముప్పు తాగనివాళ్ల కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆడవాళ్లలో పెరుగుదల దానికంటే తక్కువ. రోజుకు తాగే లెక్క పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. గరాటు భాగం క్యాన్సర్‌లో పొగ పాత్ర ఇంకా పెద్దది. మానేస్తే ముప్పు తగ్గుతుంది, కానీ నిదానంగా, పదేళ్లు, అంతకు పైనా పడుతుంది. నలభై ఏళ్ల వయసులో బీడీ మానేసినవాడికీ అరవైలో మానేసినవాడికీ తేడా అక్కడే వస్తుంది.

రెండోది రక్తపోటు, మూడోది స్థూలకాయం. ఈ రెండింటినీ కలిపి చూపిన పెద్ద అధ్యయనం స్వీడన్ భవన నిర్మాణ కార్మికుల మీద జరిగింది. 3.6 లక్షలకు పైగా మగవాళ్ల ఆరోగ్య పరీక్షల వివరాలను ఏళ్ల తరబడి వెంబడించిన ఆ ఫలితాలు 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. బరువు పెరిగినకొద్దీ, బీపీ పెరిగినకొద్దీ కిడ్నీ క్యాన్సర్ మెట్టుమెట్టుగా పెరిగింది. తర్వాతి పరీక్షల్లో బీపీ తగ్గినవాళ్లలో ముప్పూ తగ్గింది. ఈ ఆఖరి సంగతి విలువైనది. బీపీ కేవలం క్యాన్సర్‌కు గుర్తు మాత్రమే అయితే, దాన్ని తగ్గించినందువల్ల ముప్పు తగ్గకూడదు. కిడ్నీ కణితి వల్లనే బీపీ పెరుగుతుందేమో అన్న అనుమానమూ ఉండేది. కణితి బయటపడక ముందు చాలా ఏళ్ల నాటి బీపీని లెక్కలోకి తీసుకున్నా సంబంధం నిలిచింది. బీపీ మందుల వల్లనే క్యాన్సర్ వస్తుందన్న వాదం కూడా కొన్నాళ్లు నడిచింది. మందు ప్రభావాన్నీ, మందు వేసుకోవలసి వచ్చిన బీపీ ప్రభావాన్నీ విడదీయడం కష్టం. మొత్తం మీద మొగ్గు బీపీ వైపే ఉంది. ఈ భయంతో బీపీ బిళ్ల ఆపేస్తే ముందు వచ్చేది పక్షవాతం.

ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో నాలుగో వంతు అటూఇటూగా బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, లేదా దానికి మందు వాడుతున్నవాళ్లు అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పల్లెల్లో వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసినా తలనొప్పి వచ్చిన రోజు బిళ్ల వేసుకుని, తగ్గాక ఆపేసేవాళ్లు ఎక్కువ. బీపీకి నొప్పి లేదు. నొప్పి లేని జబ్బుకు రోజూ బిళ్ల మింగాలని ఒప్పించడం ఏ పల్లె ఆరోగ్య కేంద్రంలోనైనా అన్నిటికన్నా కష్టమైన పని.

స్థూలకాయం గురించి ఇంకో మాట. శరీర బరువు సూచిక ప్రతి 5 పాయింట్లు పెరిగితే ఈ క్యాన్సర్ ముప్పు మగవాళ్లలో దాదాపు 24 శాతం, ఆడవాళ్లలో 34 శాతం పెరుగుతుందని 2008లో లాన్సెట్‌లో వచ్చిన సమగ్ర విశ్లేషణ తేల్చింది. కొవ్వు కణజాలం ఊరికే పడి ఉండదు. ఇన్సులిన్‌ను, దానికి దగ్గరి పెరుగుదల కారకాలను పెంచుతుంది, వాపు సంకేతాలు పంపుతుంది, బీపీని ఎక్కిస్తుంది. మెట్ట మండలాలు కరువుకు పేరుబడ్డవి కాబట్టి ఇక్కడ ఊబకాయం మాట అసందర్భం అనిపించవచ్చు. కానీ రాష్ట్రంలో మూడో వంతుకు పైగా ఆడవాళ్లు అధిక బరువుతో ఉన్నారని అదే సర్వే చెబుతోంది. పొలం పనిని ట్రాక్టరు, నడకను బైకు, జొన్న సంగటిని మూడు పూటలా వరన్నం ఆక్రమించిన చోట పొట్ట పెరగడానికి సంపద అక్కర్లేదు. పైగా మన జనంలో బరువు సూచిక 23 దగ్గరే ముప్పు మొదలవుతుంది. సన్నటి కాళ్లూచేతులతో, బాన పొట్టతో ఉన్న మనిషిని ఇంట్లోవాళ్లు ఆరోగ్యవంతుడనే అనుకుంటారు.

షుగరు జబ్బుకు విడిగా కొంత సంబంధం కనిపించినా, బరువును, బీపీని లెక్కలోంచి తీసేస్తే అది పలచబడుతుంది.

నాలుగో కారణం కొండ దిగువ వైద్యంతో ముడిపడింది. దానికి తగినంత ప్రచారం లేదు. అరిస్టోలోకియా జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉంటుంది. తెలుగు నేలలో ఈ జాతివి రెండు బాగా తెలిసినవి. ఒకటి పాముకాటు మందుగా పేరుబడ్డ ఈశ్వరి తీగ. రెండోది గాడిదగడపాకు. పొలం గట్ల మీద, నల్లరేగడి చెలకల్లో నేలబారుగా పాకుతుంది. ఆకు కిడ్నీ ఆకారంలోనే ఉంటుంది, అంచు అలలు తిరిగి, బూడిద పూసిన ఆకుపచ్చతో. పువ్వు సన్నటి గొట్టంలా సాగి చివర ముదురు ఊదా నాలుక చాపుతుంది. నోట్లో పెట్టుకోలేనంత చేదు. కడుపులో పురుగులకు, జ్వరానికి, గాయాలకు నాటువైద్యంలో దీన్ని వాడుతూ వచ్చారు. ఈ ఆమ్లం కిడ్నీ గొట్టాల కణాల్లోకి చేరి డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. అతుక్కున్న చోట డీఎన్‌ఏలో ‘ఏ’ (A) అనే అక్షరం ఉండాల్సిన స్థానంలో ‘టీ’ (T) పడుతుంది. ఆ రకం పొరపాటు ఇంత పెద్ద సంఖ్యలో మరే విషమూ చేయదు కాబట్టి, కణితి డీఎన్‌ఏ చదివితే ఏళ్ల తర్వాత కూడా ఈ విషం జాడ పట్టుబడుతుంది.

బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గించే క్లినిక్‌లో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున ఈ జాతి మొక్క కలిసిన మాత్రలు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు పోయాయి. తర్వాత వాళ్లలో చాలామందికి గరాటు భాగంలో, మూత్రనాళంలో క్యాన్సర్లు బయటపడ్డాయి. డాన్యూబ్ నది వెంట బాల్కన్ పల్లెల్లో తరతరాలుగా వచ్చిన కిడ్నీ జబ్బుకు కారణం గోధుమ పొలాల్లో కలుపుగా పెరిగిన ఈ జాతి మొక్క గింజలు పిండిలో కలవడమేనని తేలింది. అక్కడా ఒకప్పుడు నీటిని అనుమానించారు. ఈ ఆమ్లం, ఈ మొక్కలు మనిషికి కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవని అంతర్జాతీయ సంస్థ మొదటి గ్రూపులో చేర్చింది. ఉదయగిరి కొండల కింద, వెలిగొండ అడవి అంచు ఊళ్లలో ఏ మూలిక ఎవరు ఎంత వాడుతున్నారో అడిగి రాసుకోవడం కిడ్నీ జబ్బుల మీద జరిగే ఏ సర్వేలోనైనా తప్పనిసరి ప్రశ్న కావాలి. నాటువైద్యాన్ని మొత్తంగా తోసిపుచ్చడం కాదిది. ఈ రెండు మొక్కలను మాత్రం కడుపులోకి తీసుకోకూడదు.

నొప్పి బిళ్లల సంగతి ఇంతకంటే విస్తృతం, ఇంతకంటే చిక్కు. ఒకప్పుడు తలనొప్పి పొడుల్లో వాడిన ఫెనాసెటిన్ గరాటు భాగం క్యాన్సర్ తెస్తుందని తేలి, ప్రపంచమంతటా తొలగిపోయింది. భారతదేశంలోనూ నిషేధించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి దీర్ఘకాలం వాడినవాళ్లలో రీనల్ సెల్ కార్సినోమా కొంత పెరిగినట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి, కొన్ని చూపలేదు. క్యాన్సర్ విషయం తేలకపోయినా, ఈ బిళ్లలు కిడ్నీ వడపోతను దెబ్బతీస్తాయన్నది తేలిన విషయమే. ఎండలో పనిచేసి నీళ్లు చాలని ఒంటి మీద ఆ దెబ్బ రెట్టింపు. ఇక్కడ ఫ్లోరైడ్ దొడ్డిదారిన కథలోకి వస్తుంది. ఫ్లోరైడ్ వల్ల నడుం, మోకాళ్లు బిగుసుకుంటాయి, నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర సూదో, మెడికల్ షాపులో బిళ్లో కొనుక్కుంటారు, ఏళ్ల తరబడి అదే అలవాటవుతుంది. నీరు నేరుగా చేయని హాని ఈ గొలుసు చేయగలదు. కిడ్నీ జబ్బు సర్వేలో నీటి నమూనాతో పాటు మందుల చీటీ కూడా అడగాలని అనడం ఇందుకే.

చెడిపోయిన కిడ్నీ క్యాన్సర్‌కు దారితీస్తుందన్న నమ్మకంలో ఒక పాలు నిజముంది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కిడ్నీల్లో నీటితిత్తులు పుడతాయి. డయాలసిస్ మొదలై పదేళ్లు దాటినవాళ్లలో అత్యధికులకు ఇవి ఉంటాయి. ఆ తిత్తుల గోడల్లో కణితులు పుట్టే అవకాశం మామూలు జనంలో కంటే చాలా రెట్లు ఎక్కువ. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలోనూ సొంత పాత కిడ్నీలు లోపలే ఉంటాయి కాబట్టి ఆ ముప్పు మిగిలే ఉంటుంది. దీనర్థం క్రియాటినిన్ పెరిగిన ప్రతివాళ్లకూ క్యాన్సర్ రాబోతోందని కాదు. డయాలసిస్ రోగులు ఎక్కువ కాలం బతుకుతున్న కొద్దీ, వాళ్లకు అప్పుడప్పుడు అల్ట్రాసౌండ్ తీయడం డయాలసిస్ కేంద్రాల పనిలో భాగం కావాలి.

కిడ్నీ రాళ్లు ఎండ ప్రాంతపు జబ్బు. రాళ్లున్న చాలామందికి క్యాన్సర్ రాదు. కొమ్మలు కొమ్మలుగా గరాటు నిండా పెరిగిన రాయిని, చీముతో సహా ఏళ్ల తరబడి వదిలేస్తే మాత్రం ఆ పొర మొద్దుబారి స్క్వామస్ రకం క్యాన్సర్‌గా మారడం మన దేశపు ఆసుపత్రుల్లో చూస్తూనే ఉన్నారు. అది ముదిరాకగానీ బయటపడదు.

వృత్తుల్లో కచ్చితంగా నేరం రుజువైనది ట్రైక్లోరోఎథిలీన్. లోహపు భాగాల జిడ్డు కడగడానికి వాడే, ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగ్‌కూ వాడిన ద్రావకం ఇది. 2012లో దీన్ని మొదటి గ్రూపులో చేర్చినప్పుడు ప్రధాన ఆధారం కిడ్నీ క్యాన్సరే. మెట్ట పొలాల్లో ఇది లేదు. కానీ ఈ ఊళ్ల కుర్రాళ్లు పనికి పోయేది చెన్నై శివార్లకు, తడ వైపు ఫ్యాక్టరీలకు, గల్ఫ్‌కు. జిడ్డు కడిగే తొట్టి దగ్గర ఎవరు పనిచేశారో వైద్యుడు అడిగితేనే తెలుస్తుంది. అభ్రకం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. నెల్లూరు అభ్రకపు పట్టీని భూగర్భ శాస్త్రవేత్తలు గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి అని విభజించి వర్ణిస్తారు. గనుల్లో ప్రమాదం మెరిసే రేకుది కాదు, దాన్ని పట్టి ఉన్న పలుగురాతి దుమ్ముది. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది, కిడ్నీ వడపోతను కూడా దెబ్బతీస్తుందని అధ్యయనాలున్నాయి. కిడ్నీ క్యాన్సర్ మాత్రం దాని ఖాతాలో పడలేదు. పురుగుమందుల విషయంలోనూ ఈ ఒక్క క్యాన్సర్ వరకు గట్టి ఆధారం కుదరలేదు.

వంశపారంపర్యం వాటా నూటికి మూడు నుంచి ఐదు వరకు. వాటా చిన్నదైనా, ఈ జబ్బు ఎలా పుడుతుందో తెలిసింది అక్కడి నుంచే. జర్మన్ కంటి వైద్యుడు వాన్ హిప్పెల్ కంటి వెనక రక్తనాళాల గడ్డలను, స్వీడన్ వైద్యుడు లిండావ్ 1926లో మెదడులో అలాంటి గడ్డలను వర్ణించారు. ఆ కుటుంబాల్లో కిడ్నీ క్యాన్సర్లూ చిన్న వయసులోనే, రెండు వైపులా వస్తుంటాయి. 1993లో ఆ జన్యువు మూడో క్రోమోజోమ్ పొట్టి చేతి మీద దొరికింది. దాన్ని వీహెచ్‌ఎల్ అంటారు. వంశంలో జబ్బు లేని మామూలు రోగుల క్లియర్ సెల్ కణితుల్లో కూడా అత్యధికంగా దెబ్బతిని ఉన్నది ఇదే జన్యువు. ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పుడు ఒక ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు విరగ్గొట్టించడం దీని పని. ఇది పోతే ఆక్సిజన్ నిండా ఉన్నా కణం ఊపిరాడనట్టు ప్రవర్తిస్తుంది. కొత్త రక్తనాళాలను పిలుస్తుంది, చక్కెరను తోడుకుంటుంది, పెరుగుతుంది. ఈ ఆక్సిజన్ పసిగట్టే యంత్రాంగాన్ని విడమరచినందుకే కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019 నోబెల్ బహుమతి దక్కింది. మేనరికాలు ఎక్కువగా జరిగే మన కుటుంబాల్లో ఇది అడగాల్సిన ప్రశ్నే: మేనరికం వల్ల ఈ క్యాన్సర్ వస్తుందా? రాదు. వీహెచ్‌ఎల్ లోపం తల్లి, తండ్రిలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. భార్యాభర్తల మధ్య చుట్టరికం ఉన్నా లేకపోయినా ఆ లెక్క మారదు.

2018లో వెలువడిన మరో పరిశోధన కణితుల డీఎన్‌ఏను వెనక్కి లెక్కగట్టి, మూడో క్రోమోజోమ్ ముక్క ఊడిపోయే మొదటి ఘటన చాలామందిలో బాల్యంలోనో, యవ్వనారంభంలోనో జరిగిపోతుందని చూపింది. కణితి బయటపడేది నలభై, యాభై ఏళ్ల తర్వాత. అంటే అరవై ఏళ్ల రోగిని ఏ నీళ్లు తాగావని అడగాల్సింది ఈనాటి క్యాను గురించి కాదు, చిన్నప్పటి బావి గురించి. పొగ, బరువు, బీపీ ఆ మొదటి దెబ్బ తిన్న కొద్దిపాటి కణాలను తర్వాతి దశాబ్దాల్లో ముందుకు నెట్టే శక్తులు కావచ్చు.

నీటిని పూర్తిగా నిర్దోషిగా వదిలేయడానికి ఇంకా సమయం రాలేదనిపించే అధ్యయనం ఒకటి 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. 11 దేశాలకు చెందిన 962 మంది క్లియర్ సెల్ రోగుల కణితుల డీఎన్‌ఏను అందులో పూర్తిగా చదివారు. రొమేనియా, సెర్బియా రోగుల్లో అత్యధికుల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం గుర్తు కనిపించింది. జపాన్ రోగుల్లో అత్యధికుల్లో మరెక్కడా అంతగా లేని, కారకం తెలియని వేరే గుర్తు కనిపించింది. ఈ రెండూ కాక, దాదాపు అన్ని దేశాల్లోనూ ఉన్న ఇంకో గుర్తు ఉంది. కిడ్నీ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న దేశాల్లో అది ఎక్కువ, వడపోత తగ్గిన కిడ్నీల్లోనూ ఎక్కువ. దాని వెనక ఉన్నది ఏమిటో తెలియదు. నీటిలోదో, ఆహారంలోదో, ఒంట్లోనే పుట్టేదో కావచ్చు. ఉద్దానంలో, నెల్లూరు–ప్రకాశం మెట్టలో కారణం తెలియని కిడ్నీ జబ్బును వెతికేవాళ్లకు ఈ పద్ధతి కొత్త దారి చూపుతుంది. నెల్లూరులోనో, తిరుపతిలోనో ఆపరేషన్ చేసి తీసిన కణితి ముక్కను, రోగి సొంత ఊరు, చిన్ననాటి నీటివనరు, వాడిన మూలికలు, బిళ్లల వివరాలతో సహా భద్రపరిస్తే, విషం తన సంతకాన్ని అందులోనే వదిలి ఉంటుంది.

కణితి చిన్నగా, కిడ్నీ లోపలే ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌తో ఐదేళ్లు దాటి బతికేవాళ్లు నూటికి తొంభై మందికి పైనే. నడుం పక్క నొప్పి, చేతికి తగిలే గడ్డ, మూత్రంలో నెత్తురు మూడూ కలిసి కనిపించేది పదిమందిలో ఒక్కరికి కూడా కాదు, కనిపించేసరికి చాలాసార్లు జబ్బు ముదిరిపోయి ఉంటుంది. నొప్పి లేకుండా మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చి మళ్లీ తేటపడడమే తొందరగా దొరికే గుర్తు. వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకునే సందర్భం కూడా అదే. నలభై దాటిన, ముఖ్యంగా పొగతాగే మనిషికి అలా ఒక్కసారి జరిగినా మూత్ర పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్ అవసరం. ఏ లక్షణమూ లేని అందరికీ స్కానింగ్ చేయాలని మాత్రం ఏ దేశమూ సిఫారసు చేయడం లేదు. క్రమం తప్పని స్కానింగ్ కావలసినది వీహెచ్‌ఎల్ వంటి లోపం ఉన్న కుటుంబాలకు, ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు.